మాంసానికి అనుమతి, నిర్దయకు కాదు

జంతువులను దేవుడు మనిషి తినడానికే సృష్టించాడని, కాబట్టి పళ్లెంలోకి ఏ మాంసం వచ్చింది, ఎలా వచ్చింది అన్న ప్రశ్నతో విశ్వాసానికి పని లేదని క్రైస్తవుల్లో గట్టి అభిప్రాయం ఉంది. దీన్ని ఏ సంఘమూ విశ్వాస ప్రమాణంలో రాసుకోలేదు. అయినా క్రిస్మస్ విందు నుంచి ఆదరణ కూటం భోజనం వరకు ఈ ప్రశ్న ఎవరి నోటా రాకపోవడమే ఆ అభిప్రాయం ఎంత స్థిరపడిందో చెబుతుంది. ఎవరైనా అడిగితే జవాబులు సిద్ధంగా ఉంటాయి. సృష్టి మీద ఏలుబడి మనిషికి ఇవ్వబడింది. జలప్రళయం తరువాత మాంసానికి అనుమతి దొరికింది. యేసు చేపలు తిన్నాడు, పేతురుకు దర్శనంలో అన్నీ తినమని ఆజ్ఞ వచ్చింది. కూరగాయలు మాత్రమే తినేవాణ్ని పౌలు బలహీనుడన్నాడు. జంతువుకు మనిషికున్నటువంటి ఆత్మ లేదు. చివరగా, శాకాహారం వేరే మతానిది, పై కులాలది.

ఈ వాదాల్లో చాలావాటిలో కొంత నిజం ఉంది. వాటి నుంచి తీసిన ముగింపే తప్పు. మాంసం తినడం పాపం కాదని బైబిలు ఆధారంగా నిరూపించవచ్చు. తినే జంతువు పట్ల మనిషికి ఏ బాధ్యతా లేదని మాత్రం నిరూపించలేరు. మొదటిది నిరూపించి రెండోది కూడా నిరూపించినట్టు చెప్పుకోవడమే ఈ అభిప్రాయంలోని అసలు లోపం.

ఏలుబడి వాదం

ఆదికాండము మొదటి అధ్యాయం 28వ వచనంలో మనిషికి చేపల మీద, పక్షుల మీద, భూజంతువుల మీద ఏలుబడి దొరికింది. ఈ వాదం చేసేవారు సాధారణంగా ఆ వచనంతో ఆగిపోతారు. ఆ వెంటనే 29, 30 వచనాల్లో మనిషికి ఆహారంగా విత్తనాలిచ్చే మొక్కలను, పండ్ల చెట్లను, జంతువులకు ఆహారంగా పచ్చని మొక్కలను దేవుడు నిర్ణయించాడు. అంటే ఏలుబడి ఇచ్చిన నాటికి ఆహారంలో మాంసం లేదు. ఏలడమంటే చంపి తినే హక్కే అయితే, ఆ హక్కు ఇచ్చిన నోటితోనే దేవుడు మొక్కల ఆహారాన్ని నియమించడానికి అర్థం ఉండదు. దేవుడు తన సృష్టిని చూసి చాలా మంచిదని తృప్తిపడ్డది కూడా ఈ ఏర్పాటు తరువాతే.

ఏలిక ఎలా ఉండాలో బైబిలే మరోచోట వివరించింది. యెహెజ్కేలు 34వ అధ్యాయం ఇశ్రాయేలు పాలకులను కాపరులుగా వర్ణించి, మందను మేపకుండా కొవ్విన వాటిని కోసుకు తిన్నందుకు వారిని గద్దిస్తుంది. అక్కడ మంద అంటే ప్రజలే. అయినా పాలనకు కొలత ఏమిటో అక్కడ స్పష్టంగా ఉంది: ఏలబడేవారి క్షేమం. మనుషుల మీద పాలనకు వర్తించే ఈ కొలత జంతువుల మీద పాలనకు వచ్చేసరికి తలకిందులవుతుందని చెప్పాలంటే వేరే ఆధారం చూపాలి. అది ఎవరూ చూపలేదు. పోప్ ఫ్రాన్సిస్ 2015లో వెలువరించిన ‘లౌదాతో సీ’ లేఖ కూడా ఏలుబడిని ఇతర ప్రాణుల మీద నిరంకుశాధికారంగా అర్థం చేసుకోవడాన్ని సూటిగా తిరస్కరించింది.

నోవహుకు దొరికిన అనుమతి

మాంసాహారానికి స్పష్టమైన అనుమతి ఆదికాండము 9వ అధ్యాయంలో ఉంది. భూమి హింసతో నిండిపోయి, జలప్రళయం ముగిశాక అది వచ్చింది. జంతువులకు మనిషంటే భయమూ బెదురూ కలుగుతాయని ముందు చెప్పి, ఆ తరువాతే తినవచ్చునని చెప్పడం గమనించదగ్గది. సృష్టి ఆరంభంలోని పొందిక చెడిపోయిన స్థితికి ఇచ్చిన వెసులుబాటు ఇది. నాలుగో శతాబ్దపు వేదపండితుడు జెరోమ్ 393 ప్రాంతంలో జోవినియన్‌కు జవాబుగా రాసిన గ్రంథంలో ఇలాగే వాదించాడు. మనుషుల హృదయ కాఠిన్యం వల్ల మోషే విడాకులకు చోటిచ్చాడని, ఆదిలో అలా లేదని యేసు చెప్పినట్టే, మాంసాహారమూ ప్రళయం తరువాత వచ్చిన సడలింపేనని ఆయన వివరణ.

ఆ సడలింపు కూడా హద్దుల్లేకుండా రాలేదు. మాంసాన్ని రక్తంతో తినకూడదన్న నిషేధం ఆ మరుసటి వచనంలోనే ఉంది. రక్తం ప్రాణానికి గుర్తు, ప్రాణం దేవునిది. తినే అనుమతి దొరికినా ప్రాణం మీద యాజమాన్యం మనిషికి దఖలు పడలేదు. ఇంకో సంగతి: అదే అధ్యాయంలో దేవుడు చేసిన నిబంధన నోవహుతోనూ అతని సంతతితోనూ మాత్రమే కాదు, ఓడలో నుంచి బయటికి వచ్చిన పక్షులతో, పశువులతో, భూమి మీది సమస్త జంతువులతో కూడా. దేవుడు నిబంధన చేసుకున్న ప్రాణిని కేవలం సరుకుగా చూడటానికి ఆ అధ్యాయాన్నే సాక్ష్యం పిలవడం విడ్డూరం.

బైబిలు కథాక్రమంలో ఈ అనుమతి నడిమి దశది. ఆరంభంలో మొక్కల ఆహారం ఉంది. యెషయా 11, 65 అధ్యాయాలు చూపే రానున్న రాజ్యంలో తోడేలూ గొర్రెపిల్లా కలిసి ఉంటాయి, సింహం గడ్డి మేస్తుంది. ఇది కవిత్వమే కదా అని కొట్టిపారేసేవారున్నారు. కవిత్వమే అనుకున్నా, దేవుని పాలన ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రవక్త ప్రాణుల మధ్య శాంతినే ఎంచుకున్నాడు. చెడ్డదాన్నో, విలువలేనిదాన్నో ఎవరూ దేవుని రాజ్యానికి పోలికగా తీసుకోరు.

ధర్మశాస్త్రం మాంసం తినేవారికే రాసింది

మోషే ధర్మశాస్త్రం గొర్రెలు, మేకలు, పశువులు పెంచి తినే ప్రజలకు వచ్చింది. వారిని అది శాకాహారులుగా మార్చలేదు. కానీ అడుగడుగునా వారి చేతులకు హద్దు గీసింది. విశ్రాంతిదినాన ఎద్దుకూ గాడిదకూ విశ్రాంతి ఉండాలి. బరువు కింద పడిపోయిన గాడిద పగవాడిదైనా సరే, చూసి దాటిపోకూడదు. కళ్లంలో నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు. ఎద్దునూ గాడిదనూ ఒకే కాడికి పూన్చకూడదు. పశువునూ దాని పిల్లనూ ఒకే రోజు వధించకూడదు. గూటిలో గుడ్ల మీదో పిల్లల మీదో కూర్చున్న తల్లిపక్షిని పిల్లలతో సహా పట్టుకోకూడదు. నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సామెతలు 12వ అధ్యాయం సారం.

ఈ కట్టడలన్నిటి వెనుకా ఒకే సూత్రం ఉంది: జంతువును వాడుకునేవాడు, తినేవాడు కూడా దాని విషయంలో దేవునికి లెక్క అప్పజెప్పాలి. సబ్బాతు మొదలుకొని పక్షిగూడు వరకు ఈ లెక్క వర్తించినప్పుడు, వంటింటి గుమ్మం దగ్గర అది ఆగిపోతుందనడానికి ఆధారం లేదు.

దీనికి ఎదురుగా 1 కొరింథీయులకు 9వ అధ్యాయాన్ని చూపుతారు. అక్కడ పౌలు ఎద్దు చిక్కం గురించిన ఆజ్ఞను ఉదహరించి, దేవుడు ఎడ్ల కోసమే విచారిస్తున్నాడా అని అడుగుతాడు. దాన్నిబట్టి దేవునికి ఎడ్ల పట్టింపు లేదంటారు. ఆ అధ్యాయం సువార్త పనివారి జీతభత్యాల గురించి. పని చేసే ఎద్దుకే తిండి హక్కు ఉంటే పని చేసే మనిషికి మరింత ఉండాలన్నది పౌలు తర్కం. ఎద్దు హక్కును తీసేస్తే ఆ తర్కమే కూలుతుంది. పైగా, ఒక్క పిచ్చుకను కూడా దేవుడు మరువడని లూకా 12వ అధ్యాయంలో యేసు చెప్పాడు. యోనా గ్రంథం చివరి వచనంలో దేవుడు నీనెవె మీద కనికరపడటానికి కారణాలు చెబుతూ అక్కడి మనుషులతో పాటు పశువులనూ లెక్కలోకి తీసుకున్నాడు. పౌలు ప్రశ్నను ఈ మాటలకు విరుద్ధంగా చదవడం పౌలుకే అన్యాయం.

చేపలు, దర్శనం, కూరగాయలు

యేసు చేపలు తిన్నాడన్నది నిజం. పునరుత్థానం తరువాత శిష్యుల ముందు కాల్చిన చేప తిన్నట్టు లూకా 24వ అధ్యాయం చెబుతుంది. దీన్ని దాచిపెట్టి, యేసును శాకాహారిగా చిత్రించే ప్రయత్నాలకు సువార్తల్లో ఆధారం లేదు. అవి వాదాన్ని బలపరచవు, బలహీనపరుస్తాయి. చేప తినడం పాపం కాదని ఆ సంఘటన రుజువు చేస్తుంది, అంతే. గలిలయ సముద్రపు జాలరుల వల నుంచి నేటి ఫ్యాక్టరీ ఉత్పత్తి దాకా ప్రతి పద్ధతికీ అది ముందే ఇచ్చిన ఆమోదపత్రం కాదు. యేసు గాడిద మీద ప్రయాణించాడు కాబట్టి గాడిదను ఎలా బాదినా ఫరవాలేదని ఎవరూ అనరు.

అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో పేతురు చూసిన దర్శనం దుప్పటిలో దిగిన జంతువులను చంపి తినమనే ఆజ్ఞతో సాగుతుంది. దాని అర్థమేమిటో పేతురే యూదుడు కాని కొర్నేలీ ఇంట్లో చెప్పాడు: ఏ మనిషినీ అంటరానివాడిగా, అపవిత్రుడిగా ఎంచకూడదు. మనుషుల మధ్య గోడ కూల్చడానికి వచ్చిన దర్శనాన్ని జంతువుల పట్ల బాధ్యత కూల్చడానికి వాడటం దాని ఉద్దేశాన్ని పక్కన పెట్టడమే.

రోమీయులకు రాసిన పత్రిక 14వ అధ్యాయంలో కూరగాయలు తినే ‘బలహీనులు’ భయంతో మాంసం మానినవారు. జాలితో మానినవారి ప్రస్తావన అక్కడ లేదు. తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదని, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదని పౌలు ఇద్దరినీ హెచ్చరించాడు. ఈ వచనాలతో శాకాహారిని ఎగతాళి చేసేవారు అందులోని మొదటి హెచ్చరికనే మీరుతున్నారు. మాంసం వల్ల సహోదరుడికి ఆటంకమైతే ఎన్నటికీ మాంసం ముట్టనని 1 కొరింథీయులకు 8వ అధ్యాయంలో పౌలు తేల్చాడు. ఇతరుల మేలు కోసం తన హక్కును వదులుకోవడం పౌలు దృష్టిలో బలహీనత కాదు, ప్రేమ. 1 తిమోతికి 4వ అధ్యాయం తప్పుపట్టింది కూడా వివాహాన్నీ కొన్ని ఆహారాలనూ చెడ్డవని నిషేధించే బోధకులను. కనికరంతో ఒక మనిషి తానుగా మానుకోవడం ఆ నిషేధంలోకి రాదు.

ఈ తేడాను ఆదిమ సంఘం గుర్తించింది. నాలుగో శతాబ్దంలో గాంగ్రాలో జరిగిన సభ విశ్వాసంతో మాంసం తినేవారిని ఖండించేవారిని శపించింది. మాంసం మానడాన్ని మాత్రం తప్పుగా ఎంచలేదు. మానీ మతస్థులతో వాదిస్తూ అగస్టీన్, యేసు అనుమతితో దయ్యాలు చొరబడిన పందుల మంద సముద్రంలో పడి చచ్చిన సువార్త ఘట్టాన్ని ఉదహరించింది కూడా జంతుహత్య సర్వత్రా పాపమనే వారి సిద్ధాంతానికి జవాబుగానే. ఆ జవాబును జంతువుల పట్ల ఉదాసీనతకు లైసెన్సుగా చదవడం సందర్భాన్ని తెంచి మాటను వాడుకోవడం.

దిగుమతి సరుకు కాదు

జంతుకరుణ క్రైస్తవంలోకి ఇటీవల బయటి నుంచి వచ్చిన సరుకని ఇంకో ఆరోపణ. ఆరో శతాబ్దపు బెనెడిక్ట్ నియమావళి రోగులకు తప్ప సన్యాసులకు నాలుగుకాళ్ల జంతువుల మాంసం వద్దంది. 1084లో మొదలైన కార్తూసియన్ సన్యాసులు మాంసం తినరు. ఇథియోపియా ఆర్థడాక్సు విశ్వాసులు ఏడాదిలో దాదాపు సగం రోజులు మాంసం, పాలు, గుడ్లు మానేస్తారు. కేరళ సిరియన్ క్రైస్తవులకు ఈస్టరు ముందు యాభై రోజుల నోయంబు ఉంది. శ్రమదినాల్లో మాంసం మానే కుటుంబాలు తెలుగు సంఘాల్లోనూ కొత్త కాదు. ఈ ఉపవాసాల ఉద్దేశం పశ్చాత్తాపం, దేహనిగ్రహం. జంతువుల బాధ వాటికి ప్రధాన కారణం కాదు. అయితే విశ్వాసానికీ పళ్లేనికీ సంబంధం లేదన్న మాట మాత్రం వీటి ముందు నిలవదు.

బాధే కారణంగా మాట్లాడిన క్రైస్తవులూ ఉన్నారు. ఆంగ్లికన్ గురువు హంఫ్రీ ప్రైమట్ 1776లో జంతువుల పట్ల క్రూరత్వాన్ని పాపంగా నిరూపిస్తూ ఒక గ్రంథమే రాశాడు. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1781 నాటి ప్రసంగంలో, సృష్టి మొత్తం మూలుగుతూ విడుదల కోసం ఎదురుచూస్తోందన్న రోమా 8వ అధ్యాయాన్ని జంతువులకూ వర్తింపజేశాడు. విలియం కౌహర్డ్ 1809లో ఇంగ్లండులోని సాల్ఫర్డులో స్థాపించిన బైబిల్ క్రిస్టియన్ సంఘం సభ్యులు మాంసం మానాలనే నియమం పెట్టుకుంది. 1847లో ఏర్పడిన వెజిటేరియన్ సొసైటీకి ఆ సంఘీయులు పునాదులు వేశారు. లండనులో 1824లో జంతుహింస నివారణ సంఘాన్ని స్థాపించింది ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ గురువు. బానిసల విముక్తి కోసం పోరాడిన విల్బర్‌ఫోర్సు ఆ సంఘం తొలి సభ్యుల్లో ఉన్నాడు. నూజివీడులో ఆసుపత్రి ద్వారా తెలుగువారికి తెలిసిన అడ్వెంటిస్టు సంఘం పందొమ్మిదో శతాబ్దం నుంచీ శాకాహారాన్ని ప్రోత్సహిస్తోంది.

ఆత్మ లేదన్న వాదం

జంతువులకు వివేచనాత్మక ఆత్మ లేదని పదమూడో శతాబ్దంలో థామస్ అక్వినాస్ వాదించాడు. జంతువుల పట్ల దయ ఎందుకంటే మనిషి మనిషి పట్ల దయ అలవరచుకోవడానికేనని ఆయన వివరణ. ఆత్మ గురించిన చర్చ ఎటు తేలినా, నొప్పి తెలియడానికి వివేచన అక్కర లేదు. మెడ మీద కత్తి పడ్డ మేకకు తత్వశాస్త్రం తెలియకపోవడం దాని బాధను తగ్గించదు.

నిజానికి ఈ వాదం తిరగబడి తగులుతుంది. మనిషి ఈ లోకంలో అన్యాయానికి గురైతే పరలోకంలో ఓదార్పు ఉందని క్రైస్తవం నమ్ముతుంది. జంతువుకు ఆ ఓదార్పు లేదనుకుంటే దానికి జరిగిన అన్యాయం ఎన్నటికీ తీరదు. ప్రైమట్ ఈ మాట 18వ శతాబ్దంలోనే అన్నాడు. క్రైస్తవ రచయిత సి.ఎస్. లూయిస్ ఇరవయ్యో శతాబ్దంలో జంతువుల మీద ప్రయోగాలను విమర్శిస్తూ ఇదే తర్కాన్ని వాడాడు. జంతువుకు ఆత్మ లేదన్నవారు దాని పట్ల మరింత జాగ్రత్తగా ఉండాలి.

కాథలిక్ సంఘపు 1992 నాటి సత్యోపదేశం ఈ చర్చలో మధ్యస్థంగా నిలుస్తుంది. జంతువులను ఆహారానికి వాడుకోవడం న్యాయమేనంటూనే, వాటిని అనవసరంగా బాధపెట్టడం, చంపడం మానవ గౌరవానికే విరుద్ధమని చెబుతుంది. ఇక్కడ ‘అనవసరం’ అన్న షరతు కీలకం. తినడానికి వేరే మంచి ఆహారం చాలినంత ఉన్నవారి విషయంలో ఏది అవసరం, ఏది అనవసరం అన్న ప్రశ్న తప్పదు.

నోవహు అనుమతి, నేటి కోళ్ల షెడ్డు

ఈ ప్రశ్న నేడు మరింత తీవ్రమవడానికి ఉత్పత్తి పద్ధతి కారణం. ప్రపంచంలో ఏటా మాంసం కోసం చంపే భూచర జంతువుల సంఖ్య 8,000 కోట్లకు మించిందని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలు చెబుతున్నాయి. వాటిలో అత్యధికం కోళ్లే. ఏళ్లు బతకగల కోడి బ్రాయిలర్ షెడ్డులో సుమారు 40 రోజుల్లో రెండు కిలోలు పెరిగి కోతకు వెళుతుంది. ఆ వేగానికి కాళ్లు, గుండె తట్టుకోలేని కోళ్లు ఎన్నో. గుడ్ల కోళ్లను తీగ పంజరాల్లో ఉంచితే ఒక్కోదానికి దక్కే చోటు దాదాపు ఒక ఏ4 కాగితమంత, చాలాచోట్ల అంతకన్నా తక్కువ. అక్కడ రెక్క చాపే వీలు లేదు. గుడ్లు పెట్టని మగపిల్లలను పుట్టిన రోజునే చంపడం ఆ పరిశ్రమలో మామూలు. ఐరోపా సమాఖ్య ఇటువంటి సాధారణ పంజరాలను 2012 నుంచి నిషేధించింది. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ముందు వరుసలో ఉన్నది ఆంధ్రప్రదేశ్. కాబట్టి ఇది దూరదేశపు సమస్య కాదు.

ఎద్దుకు విశ్రాంతి, కళ్లంలో మేత, తల్లినీ పిల్లనూ ఒకే రోజు చంపకూడదన్న నియమం: ధర్మశాస్త్రం పెట్టిన ఈ హద్దుల్లో ఒక్కటైనా ఈ షెడ్డులో కనిపించదు. తరువాత పోప్ 16వ బెనెడిక్ట్ అయిన కార్డినల్ రాట్జింగర్ కూడా, కోళ్లను కుక్కి పెంచే పద్ధతి బైబిలు చెప్పే సంబంధానికి విరుద్ధమని ఒక ఇంటర్వ్యూ గ్రంథంలో అన్నాడు. నోవహుకు దొరికిన అనుమతిని చూపి ఈ పద్ధతిని సమర్థించేవారు అనుమతిని ఉంచుకుని షరతులను చించేస్తున్నారు.

శాకాహారం, కులం

తెలుగు నేల మీద అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వేరే ఉంది. ఇక్కడ శాకాహారం జాలి గుర్తుగా కంటే శుచి గుర్తుగా, పై కులాల ఆధిక్యానికి గుర్తుగా చలామణి అయింది. గొడ్డుమాంసం తిన్నందుకు మాల మాదిగలను ఊరి బయట ఉంచిన సమాజమిది. ఆ అవమానం నుంచి విడుదలగా క్రైస్తవాన్ని ఎన్నుకున్న కుటుంబాలు తమ పళ్లెంలోకి తొంగిచూసే ఎవరినైనా అనుమానించడం సహజం, న్యాయం కూడా.

అయితే శుచి వేరు, కరుణ వేరు. ఈ ఆహారం నన్ను మైలపరుస్తుందా అని శుచి అడుగుతుంది. ఈ ప్రాణికి ఏం జరుగుతోందని కరుణ అడుగుతుంది. శుచి మనిషిని మనిషికి దూరం చేస్తుంది. నోటిలోకి వెళ్లేది మనిషిని అపవిత్రుణ్ని చేయదని మార్కు 7వ అధ్యాయంలో యేసు తిరస్కరించింది దీన్నే. ఒక్క ఆవును మాత్రమే కాపాడి కోడి, మేక, గేదెల బాధను పట్టించుకోని రాజకీయం కూడా కరుణ లెక్కలోకి రాదు. మనిషిని కొట్టి ఆవును కాపాడటం అసలే రాదు. కరుణను కులపు భాషగా వాడుకున్నవారి తప్పుకు కరుణనే వదిలేయడం పరిష్కారం కాదు.

ఆహార క్రమశిక్షణ తెలుగు క్రైస్తవానికి పరాయిదీ కాదు. ఒంగోలు ప్రాంతంలో 1878లో వేలాది మందికి బాప్తిస్మమిచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషను, చచ్చిన గొడ్డు మాంసం మానాలని కొత్త విశ్వాసులకు నియమం పెట్టింది. ఆ నియమానికి కారణాలు వేరు. కానీ ఏం తినాలన్నది విశ్వాసంలో భాగమని ఆ తొలితరం ఒప్పుకుంది.

కాబట్టి ఈ బాధ్యత మొదట ఎవరి మీద పడుతుందో స్పష్టం. వారానికోసారి మాంసం దొరికే కూలి కుటుంబం మీద కాదు. రోజూ ఎంచుకునే స్తోమత ఉన్నవారి మీద, వందల మందికి విందులు పెట్టే సంఘాల మీద, బళ్లూ హాస్టళ్లూ ఆసుపత్రులూ నడిపే మిషను సంస్థల మీద అది పడుతుంది. పంజరపు గుడ్లు, షెడ్డు కోళ్లు కొనడం మానడం, విందుల్లో మాంసం తగ్గించడం, శ్రమదినాల నిగ్రహాన్ని మిగతా ఏడాదికీ పొడిగించడం వారి చేతిలో ఉన్న పనులు. పూర్తిగా మానేవారిని బలహీనులని వెక్కిరించకూడదు, తినేవారిని పాపులని తీర్పు తీర్చకూడదు. ఈ రెంటికీ పౌలు మాటే ప్రమాణం.

మాంసం తినడానికి బైబిల్లో అనుమతి ఉంది. ఆ మాంసం వెనుక జరిగేదాన్ని చూడకుండా తినడానికి మాత్రం ఆదికాండము నుంచి పత్రికల వరకు ఎక్కడా అనుమతి లేదు.